కొబ్బరికాయల మలుపు

"బండి ఆగలేదు, ఆపినాడు. ఆ రెంటికీ నడుమ ఒక నిండు ప్రాణం ఉంది ఈరన్నగారూ," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అవినాష్. కోపంగా అనలేదు. క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లవాడు మార్కులు చెప్పుకున్నంత తీరుబడిగా అన్నాడు. ఈరన్నకు ఒళ్ళు మండింది అందుకే.

ఈరన్నది కర్నూలు పక్కన కల్లూరు. ఒకప్పుడు లారీ ఆఫీసుల తరఫున యాక్సిడెంట్లలో నిజమెంతో అబద్ధమెంతో తేల్చే పని చేసి, ఆ అనుభవంతో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. ఆ బోర్డును కేసులు తెచ్చేవాళ్ళ కన్నా షేర్ ఆటోల వాళ్ళే ఎక్కువ వాడుకుంటారు, స్టాపింగు గుర్తుగా. యాభై దాటిన మనిషి. జేబులో ఎప్పుడూ ఇన్ని బొరుగులు పోసుకుని నములుతుంటాడు. కోపమొస్తే మాత్రం నమలడం ఆపేస్తాడు. ఇప్పుడు ఆపేశాడు.

"సారూ, ఆ బండి ఆ మలుపులో ఆగడం అదే మొదటిసారి కాదు. ఊరంతా చెప్తాండారు."

"ఊరంతా దయ్యమని కూడా చెప్తాండారు. అదీ రాసుకోమంటారా?"

ఇద్దరి ముందూ, కడప స్టేషన్ వెనక ఖాళీ జాగాలో, ఆ తెల్ల కారు నిలబడి ఉంది. కొని ఎన్నో ఏళ్ళయినా యజమాని కంటికి రెప్పలా చూసుకున్న బండి. ముందు మూలన ఒక దీపం పగిలింది, అంతే. మనిషి చావుకు కారణమైన బండిలా లేదు. నిజానికి అది ఎవరినీ గుద్దలేదు. ఊరికే ఆగింది.

పోయిన నెలలో జరిగిన సంగతి. కడప జవుళి వ్యాపారి నాగేశ్వరయ్య రాయచోటిలో తనకున్న రెండో అంగడికి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే, బాగా నిటారుగా ఉన్న ఒక మలుపులో కారు టక్కున ఆగిపోయింది. అప్పటికే చాలాసార్లు అక్కడే ఆగింది. దిగి, బండి ముందర కొబ్బరికాయ కొడితే మళ్ళీ స్టార్టయ్యేది. అందుకని ఆయన డిక్కీలో కాయలు వేసుకునే బయల్దేరేవాడు. మలుపు అంచున చిప్పలు పోగుపడి, లారీవాళ్ళు దానికి కొబ్బరికాయల మలుపని పేరు కూడా పెట్టేశారు. ఆ రోజు ఆయన కాయ పైకెత్తి నిలబడ్డాడు. పైనుంచి ఎర్రగుంట్లకు దిగుతున్న ఖాళీ సిమెంటు లారీ మలుపును కోసుకుంటూ వచ్చింది. కాయ కింద పడేలోపే ఆయన ప్రాణం పోయింది.

ఆ లారీ నడిపినవాడిదీ, కారు డ్రైవరు పుల్లన్నదీ ఒకే ఊరు. అవినాష్‌కు ఆ ఒక్క ముక్క చాలింది. ఇద్దరూ కూడబలుక్కున్నారనీ, పుల్లన్న కావాలనే లారీ వచ్చే వేళకు బండిని మలుపులో ఆపాడనీ కేసు రాశాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు కారును ఊళ్ళో నాలుగు వీధులు తిప్పి, ఇంజన్‌లో ఏ లోపమూ లేదని కాగితం ఇచ్చాడు. తెల్లారితే పుల్లన్నను కోర్టులో హాజరు పరుస్తారు. ఆ తరవాత వాడు బయటపడటం కల్ల.

పుల్లన్న అలాంటివాడు కాదని నమ్మిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. నాగేశ్వరయ్య ఏకైక కూతురు శ్రీవాసవి. చిన్నప్పుడు తనను భుజాల మీద బడికి మోసుకుపోయిన మనిషి తన తండ్రిని చంపాడంటే ఆమె ఒప్పుకోలేకపోయింది. కర్నూలు దాకా వచ్చి ఈరన్నను వెతికి పట్టుకున్నది ఆమే.

"నమస్కారం సార్. బండి ఈ పొద్దు ఇస్తామన్యారు గదా?"

వెనకనుంచి మెత్తటి గొంతు వినపడింది. ఇస్త్రీ మడత నలగని చొక్కా, నుదుట సన్నటి కుంకుమ గీత. శ్రీవాసవి భర్త ప్రదీప్‌కుమార్. పెళ్ళికి ముందు కంప్యూటర్లు బాగుచేసే అంగడి నడిపేవాడు. పెళ్ళయ్యాక అత్తారింటికే వచ్చి, మామ జవుళి అంగట్లో చేరాడు. మామ మాత్రం అల్లుడిని గద్దె మీద కూర్చోబెట్టకుండా, వచ్చిన ఆడవాళ్ళకు చీరలు విప్పి చూపించే పనిలోనే ఉంచాడని కడపలో తెలియనివాళ్ళు లేరు.

"అంత తొందరగా బండితో ఏం పనప్పా?" అన్నాడు ఈరన్న.

"అత్తమ్మ దాన్ని చూసి తట్టుకోలేకపోతాంది సార్. పాత ఇనుము వాళ్ళతో మాట్లాడినా. ముక్కలు చేయించేస్తా."

"నడిచే బండిని ముక్కలు చేపిస్తావా?"

"నడిచే బండి కాదు గదా, ఆగే బండి." ప్రదీప్ చిన్నగా నవ్వి, వెంటనే ఆ నవ్వును సర్దుకున్నాడు. "మామను తిన్న బండిని ఎవరు కొంటారు చెప్పండి. వాసవికిగూడా చెప్పినా, నీ బండి కూడా అమ్మేద్దామని. వినల్యా."

నాగేశ్వరయ్యకు ఏదైనా కుదిరిందంటే దాన్ని జతగా కొనడం అలవాటు. చెప్పులైనా అంతే, ఫ్యాన్లయినా అంతే. ఈ కారు కుదిరిందని కూతురి పెళ్ళికి అచ్చం ఇలాంటిదే, అదే తెలుపు, అదే కంపెనీ, ఇంకొకటి కొనిచ్చాడు. ఇప్పుడు రెండింటికీ వయసు మళ్ళింది. రెండూ ఇంటి ముందు పక్కపక్కనే నిలబడితే తనది ఏదో పుల్లన్నే తడబడేవాడట.

"ఆయమ్మ ఇంట్లోనే ఉండాదా?"

"సాయంత్రం రాయచోటికి పోతాంది. పుల్లన్న పెండ్లాన్ని పిల్చకరమ్మని మీరే చెప్పినారంట గదా." చేతులు జోడించి, "చీకటి పడేలోగా బండి ఇప్పించండి సార్," అని అవినాష్‌కు చెప్పి వెళ్ళిపోయాడు.

ఈరన్న లాకప్ దగ్గరికి నడిచాడు. ఊచల వెనక పుల్లన్న మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. ఎదురుగా పెట్టిన అన్నం ముట్టినట్టు లేదు.

"పుల్లన్నా, ఏడ్చేది తరవాత. ముందు బండి సంగతి చెప్పు. మెకానిక్కులు ఏమన్యారు?"

"సెన్సర్ అన్యారు సామీ. ఇంజన్ తిరిగేది చూసి కంప్యూటర్‌కు చెప్పే కన్ను మాదిరిది ఒకటుంటాదంట. అది కన్ను మూస్తే ఇంజన్ ఆగిపోతాదంట. కర్నూల్లో మిషన్ తగిలించి చూసినా అదే పేరు చూపించింది. ఒకసారి కాదు, మూడుసార్లు మార్చినారు. మార్చినాక ఊళ్ళో బాగుంటాది. ఘాటెక్కితే మళ్ళా అదే కత."

"ఎండలకు వేడెక్కి ఆగుతాందేమో?"

"ఎండాకాలం రోళ్ళు పగిలే ఎండలో కర్నూలుకు పోయినాం సామీ. ఒక్కసారిగూడా ఆగల్యా."

"ఘాట్ దిగేటప్పుడు?"

"దిగేటప్పుడు ఎప్పుడూ ల్యా. ఎక్కేటప్పుడే. ఫస్టు గేరులో గట్టిగా తొక్కితే, ఆ మలుపులోనే గుటుక్కుమంటాది."

"కాయ కొట్టకుండా ఎప్పుడన్నా స్టార్టు చేసి చూసినావా?"

పుల్లన్న కళ్ళు పెద్దవి చేశాడు. "అయ్యగారు చేయనిస్తే గదా! కాయ కొట్టందే తాళం ముట్టనిచ్చేవాడు కాదు."

"ఇంజన్ మీద ఎవరెవరు చెయ్యి పెట్టినారు?"

"మెకానిక్కులు. శుక్రారం శుక్రారం అమ్మగారు పసుపు కుంకుమ పెడతాది. దేవునివి ఏమేమో కట్టింటాది. వాటి జోలికి ఎవురం పోం సామీ. మెకానిక్కుగూడా చేతులు కడుక్కోని పక్కకు జరిపి, పని అయినాక మళ్ళా ఉన్యచోటే పెడతాడు." వాడు లేచి ఊచలు పట్టుకున్నాడు. "నా కూతురు ఈ ఏడు పది పరీక్షలు రాస్తాంది సామీ. రేపు కోర్టుకాడ నన్ను బేడీలతో చూస్తే ఇంగ బడికి పోదు. అయ్యగారిని నేనెందుకు చంపుతా?"

ఆ చివరి మాటలకు ఈరన్న మనసు కలుక్కుమంది. ముందు మాటలు మాత్రం అలా విని వదిలేశాడు. ఇంజన్‌కు పసుపు పెట్టని ఇల్లు రాయలసీమలో ఎక్కడుంది!

బయటికొచ్చి, గుప్పెడు బొరుగులు నోట్లో పోసుకుని అవినాష్‌తో అన్నాడు. "సారూ, మూడు కొత్త కండ్లు పెట్టినా మూడూ అదే మలుపులో మూసుకుంటే, తప్పు కండ్లది కాదు. ఎవురో చెయ్యి అడ్డం పెడతాండారు. ఘాట్ ఎక్కిద్దాం పాండి."

"మీ దయ్యాన్ని నాకు చూపిస్తారా?"

"చూపిస్తా. మీరే నడపండి."

అవినాష్ మొండివాడే గాని మూర్ఖుడు కాదు. గడియారం చూసుకున్నాడు. "పొద్దు గూకేదాకా టైమిస్తా. బండి ఆగకపోతే మీరు కల్లూరికి, పుల్లన్న కోర్టుకు."

కొండ నీడ రోడ్డు మీదికి దిగుతున్న వేళకు వాళ్ళు ఘాట్ ఎక్కారు. జీపులో ముందుగా పోయిన కానిస్టేబుల్ మలుపు పైన నిలబడి, దిగే లారీలను ఆపేశాడు. లారీల మోత ఆగేసరికి ఒక్కసారిగా చెవులు మూసుకుపోయినంత నిశ్శబ్దం. గాలి లేదు. పిట్ట అరుపు లేదు. మలుపు అంచున కొబ్బరి చిప్పలు ఎండి, నల్లబడి, నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. వాటి నడుమ ఒక్క కాయ మాత్రం పగలకుండా ఉంది. దాని మీద పసుపు ఇంకా చెదరలేదు. అది నాగేశ్వరయ్య చేతిలోంచి జారిపోయిన కాయ అని ఈరన్నకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అవినాష్ ఫస్టు గేరు వేసి తొక్కాడు. ఇంజన్ గీపెట్టింది. కారు మలుపులోకి తిరిగింది. స్టీరింగు ముందరి అద్దం వెనక పసుపు దీపం ఒకటి వెలిగింది. ఇంజన్ ఆగిపోయింది.

దగ్గలేదు, ఊగలేదు, మొరాయించలేదు. మాట్లాడుతున్న మనిషి నోరు ఎవరో మూసినట్టు ఆగిపోయింది.

అవినాష్ రెండు కాళ్ళతోనూ బ్రేకు తొక్కిపట్టాడు. నుదుట చెమట. "మీరేమైనా చేశారా?"

"నా చేతులు నా ఒళ్ళోనే ఉండాయి. తాళం తిప్పండి. కాయ లేకుండా."

తిప్పాడు. స్టార్టయింది. కాస్త కదిలింది, మలుపులోకి తలపెట్టింది, మళ్ళీ ఆగింది. అవినాష్ ఆ పగలని కాయ వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

ఈరన్న దిగి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, బానెట్ ఎత్తాడు. "సారూ, బ్రేకు వదలద్దు. స్టార్టు చేసి, సగం క్లచ్చు మీద కొండెక్కినట్టే తొక్కండి."

ఇంజన్ మళ్ళీ గీపెట్టింది. పాత బండి కదా, ఇంజన్ కింది రబ్బర్లు అరిగిపోయి ఉన్నాయి. బరువు లాగాల్సి వచ్చేసరికి ఇంజన్ మొత్తం, మంచం మీద మనిషి వెనక్కి వాలినట్టు, మెల్లగా వెనక్కి వాలింది. దాని వెనక, ఇంజన్‌కూ సీట్లకూ నడుమ ఉన్న అడ్డగోడకు పోయే గొట్టానికి ఒక నల్లతాడు కట్టి ఉంది. తాడుకు పసుపు పట్టిన రాగి తాయెత్తు, చూపుడు వేలంత పొడుగుది. వాలిన ఇంజన్ మీది సెన్సర్ నేరుగా వచ్చి ఆ తాయెత్తుకు ముఖం ఆనించింది.

ఇంజన్ ఆగిపోయింది. ఆగగానే ముందుకు ఒరిగింది. తాయెత్తుకూ సెన్సర్‌కూ నడుమ మళ్ళీ రెండు వేళ్ళ సందు.

"దిగి రాండి సారూ. చెయ్యి అడ్డం పెట్టేది దొరికింది."

అవినాష్ వచ్చి వంగి చూశాడు. తీయబోయి, తాయెత్తు అని తెలియగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "దేవుడిది కదండీ..." అనేసి, తన మాటకు తనే సిగ్గుపడ్డాడు.

ఈరన్నకు అప్పుడు గుర్తొచ్చింది పుల్లన్న మాట. మూడుసార్లు సెన్సర్ మార్చిన మెకానిక్కులు మూడుసార్లూ దీన్ని చూశారు. చేతులు కడుక్కుని, భక్తిగా పక్కకు జరిపి, భక్తిగా మళ్ళీ అదే చోట పెట్టారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరూ చూసే ఉంటాడు. దాన్ని ఎవరూ ముట్టరని తెలిసినవాడే అక్కడ పెట్టి ఉంటాడు.

జేబులోంచి చాకు తీసి తాడు కోయబోయాడు. చాకు తాడు దగ్గరికి పోలేదు. అతని వేళ్ళలో దానంతట అది పక్కకు తిరిగి, టప్పున పోయి తాయెత్తుకు అతుక్కుంది.

అవినాష్ ఒకడుగు వెనక్కి వేశాడు. నిజం చెప్పాలంటే ఈరన్న కూడా అదే పని చేసేవాడే, వెనక చోటు లేక ఆగాడు. కొండ నీడలో, చావు జరిగిన చోట, ఇనుము తనంతట తాను కదిలితే ఎవరి గుండెకైనా అంతే. క్షణం ఆగి, గట్టిగా ఊపిరి తీసుకుని, చాకును పీకి తాడు కోశాడు. రాగి మూత తిప్పాడు. లోపల యంత్రం గీసిన రేకు లేదు. మిలమిల మెరిసే చిన్న బిళ్ళ ఉంది.

"అయస్కాంతం," అన్నాడు అవినాష్. గొంతులో భయం పోయి పోలీసు తిరిగొచ్చాడు. "మామూలుది కాదు. స్టేషన్లో పాత కంప్యూటర్ చెడితే విప్పించాను. డిస్కు లోపల ఇలాంటిదే ఉంది. ఇది సెన్సర్‌కు తగిలితే దాని కన్ను నిజంగానే మూసుకుంటుంది."

"ఇప్పుడన్నా పుల్లన్నను వదుల్తారా?"

"ఎందుకు వదలాలి? వాడే కట్టుండొచ్చు కదా. రోజూ బానెట్ ఎత్తేది వాడే."

"పుల్లన్నకు కంప్యూటర్ డిస్కులు యాడివి సారూ?"

"అంగట్లో ఏదైనా దొరుకుతుంది. కట్టిందెవరో సాక్ష్యం తెండి, అప్పుడు మాట్లాడదాం."

ఈరన్నకు మండింది. కానీ న్యాయంగా ఆలోచిస్తే ఆ మాటలో తప్పు లేదు. తాడు కట్టిన చెయ్యి తెలియాలి. ఈ పన్నాగానికి ఏ లారీవాడితోనూ కూడబలుక్కోనక్కర్లేదు. గుడ్డి మలుపులో పదేపదే బండి ఆగితే, ముందర మనిషి నిలబడితే, ఎప్పుడో ఒకనాడు ఏదో ఒక లారీ వస్తుంది. చేసినవాడు ఎదురు చూశాడు, అంతే. ఆ ఓపిక తలుచుకుంటే దయ్యమే నయమనిపించింది.

తాయెత్తు తీసేశాక అదే మలుపును కారు తిప్పలు పెట్టకుండా ఎక్కేసింది. ఇద్దరి సెల్‌ఫోన్లకూ అక్కడ సిగ్నల్ లేదు. పైన తిప్పుకుని కిందికి బయల్దేరారు. కానిస్టేబుల్ లారీలను వదిలేసి జీపులో ముందే వెళ్ళిపోయాడు.

ఘాట్ దిగి పోతుండగా ఎదురుగా దుమ్ములోంచి ఒక తెల్ల కారు వచ్చింది. తాము కూర్చున్న బండే తమకు ఎదురొస్తున్నట్టుంది. పగిలిన దీపం ఒక్కటే తేడా. స్టీరింగు దగ్గరున్న ఆడమనిషి చెయ్యి ఊపింది.

"శ్రీవాసవిగారు," అన్నాడు అవినాష్. "రాయచోటికి కదా."

ఘాట్ కింద టీ అంగడి దగ్గర సిగ్నల్ వచ్చింది. ఈరన్న నాగేశ్వరయ్య భార్య సుందరలక్ష్మికి ఫోన్ చేసి, అవినాష్‌కు కూడా వినపడేలా స్పీకర్ నొక్కాడు.

"అమ్మా, నేను ఈరన్నను. కారు ఇంజన్‌కు రాగి తాయెత్తు కట్టింది ఎవురు?"

"నేనే నాయనా. నా చేతులతో నేనే కట్టినా." ఆమె గొంతులో కంగారు. "ఎవురైనా తీసినారా ఏమి? తీయద్దని చెప్పు నాయనా. శానా మహిమ గలది."

అవినాష్ చేతిలోని టీ గ్లాసు ఆగిపోయింది.

"మహిమ గలదని నీకెట్లా తెలిసిందమ్మా?"

"నా తాళికి రెండు పిన్నీసులు తగిలించుకోని ఉంటి అప్పుడు. తాయెత్తును చేతిలోకి తీసుకోని కండ్లకద్దుకోబోతే, ఆ పిన్నీసులు లేసి నిలబన్యాయి నాయనా. లేసి పోయి దానికి అతుక్కున్యాయి. వాటితోపాటే నా తాళిగూడా లేసింది. నా పసుపు కుంకుమను కాపాడేదానికే వచ్చిందనుకున్యా." ముక్కు చీదుకుంది. "కాపాడల్యా. నేనేం తప్పు చేసినానో."

ఆమెకు నిజం ఇప్పుడు చెప్పడం కన్నా పాపం లేదనిపించింది. చెప్పకుండా అడగాల్సింది మాత్రం అడిగాడు.

"ఎవురిచ్చినారమ్మా నీకు?"

"అల్లుడే. కొండల్లో ఎవురో సాధువు ఇచ్చినాడని తెచ్చినాడు. ఇంటి పెద్దామె చేత్తోనే కట్టాలంట, అందుకే నన్ను కట్టమన్యాడు. చోటుగూడా తనే చూపిచ్చినాడు. ఇంజన్ వెనకాల గొట్టానికి, రెండు వేళ్ళ సందు వదిలి కట్టాల, సందు తప్పితే పని చెయ్యదని సాధువు చెప్పినాడంట."

అవినాష్ గ్లాసు కింద పెట్టేశాడు. కంప్యూటర్ల అంగడి, డిస్కు, ఈ సాయంత్రమే బండిని ముక్కలు చేయించాలన్న తొందర. అతని ముఖంలో ఒక్కొక్కటీ వచ్చి కూర్చోవడం ఈరన్నకు కనపడింది.

"ఒకటే ఇచ్చినాడా అమ్మా?" ఎందుకు అడిగాడో ఈరన్నకే తెలియదు. తెల్ల కారు ఎదురైనప్పటినుంచీ గుండెలో ఏదో కెలుకుతూనే ఉంది.

"జత ఇచ్చినాడు నాయనా. మా ఇంట్లో ఏదైనా జతే గదా. రెండోది దేవుని గూట్లో పెట్టింటి. వాసవి ఘాటెక్కుతాంది, కట్టు అత్తమ్మా అని ఈ పొద్దు అల్లుడే గుర్తు చేసినాడు. బిడ్డ బండికి కట్టి పంపిచ్చినా. అదే చోట. రెండు వేళ్ళ సందు పెట్టినా. సరిగ్గానే కట్టినాలే నాయనా?"

ఈరన్న కారు వైపు పరుగెత్తాడు. అప్పటికే అవినాష్ కారు స్టార్టు చేశాడు.

సిగ్నల్ అందినంత దూరం ఈరన్న చేస్తుంటే శ్రీవాసవి ఫోన్ మోగుతూనే ఉంది. ఆమె ఎత్తలేదు. పుల్లన్న కోసమని ఆమెను రాయచోటికి పొమ్మన్నది తనే. ఆ మాట ఈరన్నను లోపల్లోపల కొరికేస్తోంది. అవినాష్ కారును కొండ మీదికి తోలాడనడం కన్నా విసిరాడనడం నిజం. "తిట్టుకోకండి. ముందే మీ మాట విని ఉంటే ఇద్దరం ఎప్పుడో వచ్చుండేవాళ్ళం," అన్నాడు పళ్ళ బిగువున. అంతకంటే క్షమాపణ ఆ మనిషి నోట రాదు.

మలుపు కనపడింది. తెల్ల కారు మలుపు మధ్యలో నిలబడి ఉంది. దీపాలు వెలుగుతున్నాయి. సీట్లో ఎవరూ లేరు. బండి ముందర, దీపాల వెలుగులో, శ్రీవాసవి రెండు చేతులా కాయ పైకెత్తి నిలబడి ఉంది. తండ్రి నిలబడిన చోటే. పసుపు పట్టిన ఆ కాయ చిప్పల పోగులోంచి ఏరుకున్నదే.

కొండ పైనుంచి లారీ మోత వినపడింది.

అవినాష్ కారు ఆపీ ఆపకముందే తలుపు తోసుకుని దూకాడు. ఈరన్న పక్క సీట్లోంచి వాలి హారన్ మీద మొత్తం బరువు వేశాడు. శ్రీవాసవి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. లారీ ముక్కు మలుపులో పొడుచుకొచ్చింది, హారన్ విని బ్రేకులు అరిచాయి, చక్రాలు జారాయి. అవినాష్ ఆమెను నడుము పట్టి కొండ వైపుకు లాగి పడేశాడు. లారీ ఆమె కారు ముందు మూలను చెక్కుకుంటూ పోయి, కింద మట్టిలో దిగబడి ఆగింది.

కాయ రోడ్డు మీద రెండు చెక్కలై పడి ఉంది. నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

"నాన్న కాయ అట్లే మిగిలిపోయింది," అంది శ్రీవాసవి వణుకుతూ. "ఎప్పుడూ ఆగని నా బండి ఈడికొచ్చి ఆగిందంటే నాన్నే ఆపినాడేమో, ఆ కాయ కొట్టి పొమ్మంటాడేమో అనుకున్యా."

ఈరన్న ఆమె బండి బానెట్ ఎత్తాడు. తాడు కోసి, రెండో తాయెత్తును తెచ్చి, మొదటిదాని పక్కన అరచేతిలో పెట్టాడు. రెండూ టక్కున ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఎవరిచ్చారో, ఎవరు కట్టారో, ఎందుకు ఆగుతుందో, రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. ఆ తాయెత్తుల వైపే చూస్తూ నిలబడింది.

అప్పుడు మోగింది ఫోన్. ఆమె కారు సీటు మీద, సంచీలోంచి. ఆమెది వేరే కంపెనీ సిమ్ము, కొండ మీద కూడా పలుకుతుంది. ఆమె తీసి చూసింది.

"ఆయన," అంది.

ఈరన్న పెదాల మీద వేలు పెట్టుకుని, స్పీకర్ నొక్కమని సైగ చేశాడు. అవినాష్ దగ్గరికొచ్చాడు. ఆమె నొక్కింది. మాట్లాడలేదు.

అవతల అదే మెత్తటి గొంతు, చీర పొరలు విప్పినంత మెత్తగా, ఒక్క మాట అడిగింది.

"ఆగిందా?"

కడపలో కూర్చున్న మనిషికి, ఎప్పుడూ ఆగని బండి ఈ రోజు ఆగుతుందని ఎవరు చెప్పారు? అవినాష్ ఈరన్న కళ్ళలోకి చూశాడు. పుల్లన్న లాకప్ తలుపు ఆ ఒక్క మాటతో తెరుచుకుంది.

శ్రీవాసవి ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఆగిందండీ. దిగినా, కాయ కొట్టినా. అయినా కదలడం ల్యా." రోడ్డు మీది కొబ్బరి చెక్కల వైపు చూసింది. "చీకటి పడతాంది. మీరొచ్చి నన్ను తీసుకపోండి. నాన్న నిలబన్యాడు చూడండి, ఆడనే నిలబడింటా."